అప్పగించిన వీపు

ముఠాలో పెద్దాయన తర్వాత మాట నెగోరోది. ఎదుటివాడు గుటక వేశాకే తన టీ కప్పు ముట్టుకుంటాడు. మంగలికి మెడ అప్పగించడు. గడ్డం తనే గీసుకుంటాడు. వీధి చివరి స్నానశాలలో మాత్రం కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. అక్కడ ఎవడి ఒంటిమీదా నూలుపోగుండదు, కత్తి దాచే చోటుండదు. పొట్టి పీట మీద కూర్చుని, పచ్చబొట్టు చేపలు ఎగబాకుతున్న వీపును అనుచరుడు త్సుబౌచికి వదిలేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆ వీపు రుద్దేది అతనొక్కడే.

ఆ మధ్యాహ్నం రుద్దడంలో ఏదో తేడా తగిలింది. ఎడమచెయ్యి ఆనడం లేదు. నెగోరో ఎదుటి అద్దం మీది ఆవిరి తుడిచి చూశాడు. త్సుబౌచి చిటికెన వేలికి తెల్లటి కట్టు.

"వేలికేమైందిరా?"

"తలుపు సందులో నలిగిందన్నా."

"నలిగితే వాస్తుంది గానీ, పొట్టిదవుతుందేంట్రా?"

త్సుబౌచి ఆ చేతిని తువ్వాలు కిందికి జరిపాడు. వాళ్లలో తప్పు చేసినవాడు వేలి కణుపు కోసుకుని, గుడ్డలో చుట్టి, తన పైవాడి ముందు పెట్టాలి. త్సుబౌచికి పైవాడు నెగోరోనే. నెగోరో ముందుకు ఏ మూటా రాలేదు. మరి ఏ కొత్త పైవాడి ముందుకు వెళ్లినట్టు?

నెగోరో నెమ్మదిగా లేచి అతని చేతిలోని తువ్వాలు అందుకున్నాడు.

"నొప్పిగా ఉంటుంది పాపం. కూర్చో. ఇవాళ నీ వీపు నేను రుద్దుతా."

త్సుబౌచి కూర్చున్నాడు. అద్దం మీంచి మాత్రం కళ్లు తిప్పలేదు.