ఓడ రాలేదు, ఓడవాళ్ళు వచ్చారు: ఖాజాగూడలో ఒక పెత్రమాస

కాలేజీ లైబ్రరీలో గాలి ఓడల పుస్తకం దొరికాక వారం రోజులు నాకు వేరే ధ్యాస లేదు. కడుపు నిండా వాయువు నింపుకొని అవి సముద్రాలు దాటాయట, యుద్ధంలో బాంబులు వేశాయట, ఇప్పుడు విదేశాల్లో ప్రకటనలు మోసుకు తిరుగుతున్నాయట. అలాంటి ఒక ఓడ కోసం తెల్లవాళ్ళ కాలంలో కరాచీలో కొండంత షెడ్డు కట్టారని చెబితే, మా హాస్టలు గోడ కడుతున్న మేస్త్రీ "ఖాజాగూడ మల్లయ్య గా షెడ్డు పనికే పోయిండు" అన్నాడు. అది 1974. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు ఆ షెడ్డు సంగతి మల్లయ్యను అడగడానికి బయలుదేరాను.

నాంపల్లిలో ఎనిమిదింటికి బస్సెక్కితే గోల్కొండకు ముప్పై పైసలు. కోట దగ్గర గంటకు పావలా కిరాయికి సైకిలు దొరికింది. రాయదుర్గం దాటాక దారంతా బండలే. చెమటతో చేరిన నన్ను చూసి మల్లయ్య భార్య లచ్చమ్మ, "సైకిలు మీద నువ్వొచ్చినవా బిడ్డా, నీ మీద సైకిలొచ్చిందా?" అని నవ్వి నీళ్ళిచ్చింది.

మల్లయ్య రాళ్ళు కొట్టే మనిషి. వయసులో ఉండగా తమ్ముడు ఎంకటిని వెంటబెట్టుకొని కరాచీ వెళ్ళాడు. షెడ్డు ఇనుప చట్రం మీద నుంచి జారిపడి ఎంకటి పోయాడు. ఓడ రాకముందే మల్లయ్య ఒక్కడే ఊరికి తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఏటా తమ్ముడికి విస్తరి వేసి ఒకటే మాట చెబుతాడు: "తమ్మీ, నీ షెడ్డుల ఓడ దిగింది. తిను."

ఆ రోజు ఆ మాట అనబోతూ నా వైపు తిరిగాడు. "సదువుకున్నోనివి. ఓడ వచ్చింది గదా?"

చదివింది చెప్పాలన్న ఆత్రం నాది. "రాలేదు తాతా. బయలుదేరిన రాత్రే ఫ్రాన్సులో కూలి కాలిపోయింది."

"గీ ముచ్చట ఇయ్యాలనే చెప్పాల్నా బిడ్డా?" అంది లచ్చమ్మ.

మల్లయ్య అడిగాడు: "అండ్ల ఎంతమంది పోయిన్రు?"

"నలభై ఎనిమిది మంది."

"గాళ్ళకు ఎవరన్న పెడుతుండ్రా?"

ఆయన ఇంకో విస్తరి తెప్పించి ఎంకటి విస్తరి పక్కనే వేశాడు. అన్నం పెట్టాడు. "తమ్మీ, ఓడ రాలేదంట. ఓడోళ్ళు వచ్చిన్రు. జర జరుగు, కూసోనియ్యి."

కొత్త మాట వినబడితే చాలు, నోటు పుస్తకం తీసేవాణ్ణి. ఆ రోజు తీయలేదు. నలభై ఏళ్ళకు పైగా ఒక మనిషి తమ్ముడికి చెప్పుకున్న మాటను నేను ఒక్క వాక్యంతో తీసేశాను. దాని చోట పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీరూ వెళ్తే నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. పెత్రమాస నాడైతే పెద్దలకు వేసిన విస్తళ్ళు ఎత్తాకే ఊళ్ళోకి వెళ్ళండి.