పెంటయ్య, గడ్డి దుడ్డె

మంచోళ్ళంటే మనకు పానం అని అందరం అంటం. ఉత్త మాట! మంచోడు ఎదురైతే "బాగున్నవానే" అనుకుంట నడిచే పోతం. నలుగుట్ల మన ఇజ్జత్ తీసేటోడు కనవడితే మాత్రం చెప్పులు ఇడిచి కూసుంటం. నమ్మరా? అయితే మా శాలిబండ పెంటయ్య ముచ్చట ఇనుండ్రి. నిజాం జమాన, పందొమ్మిది వందల నలభై అటిటు.

పెంటయ్య పాలోడు. ఉన్నది ఒక్క బర్రె, ఒక్క పెండ్లాం నీలమ్మ. అప్పట్ల పాలు చెంబుల పోస్క తెస్తే ఎవలు నమ్మకపోదురు, నీళ్ళు కలిపినవందురు. అందుకని బర్రెనే ఇంటింటికి తోల్కపోయి, అమ్మలక్కలు చూస్తుండంగనే గుమ్మం ముంగట పిండాలె. ఆ యేడు బర్రె ఈనిన దుడ్డె సచ్చిపోయింది. సచ్చిపోయింది అంటున్న గని, పోతుదుడ్డెకు పాలిడిస్తే ఏమొస్తదని పెంటయ్యనే దాని కడుపు మాడ్చిండు. పోయినంక తోలు ఒలిపిచ్చి, ఉప్పు రాసి, ఎండేసి, లోపల గడ్డి నింపి కుట్టిండు. నాలుగు కట్టెలు కాళ్ళు. బర్రె ముంగట దాన్ని నిలవెడితే, ఆ పిచ్చి తల్లి నాకి నాకి చేపుతది, పొదుగులకు పాలు దిగుతయి.

పాలోళ్ళకు ఇది కొత్త గాదు. గని ఒక్క కట్టడి ఉంటది. దుడ్డె పరాయి చేతికి పోవద్దు, లోపలి గడ్డి బర్రె కంట్ల పడొద్దు. మోసం తెలిసిందా, ఇగ బర్రె మల్ల చేపదు. ఎంత బతిమాలు, చేపదు.

పెంటయ్య మంచోడేం గాదు, చెడ్డోడేం గాదు. ఎవలికి యాదికుండని మనిషి. గల్లీల పోతుంటే బర్రెను చూసి పక్కకు జరుగుదురు గని పెంటయ్యను చూసి గాదు. అసుంటోనికి శివయ్య అంటే పిచ్చి.

శివయ్య పత్తర్‌గట్టిల బట్టల దుకాణం ముంగట నిలవడి గిరాకిని పిలిచేటోడు. తెల్ల పైజమ, నోట్ల పాన్, నాలుకేమో కత్తి! పొద్దుగాల దుకాణం పోయేముందు మా గల్లీ మూలకున్న హోటల్ల చాయ్ తాగుతుండె. చుట్టూ మంది. నత్తోన్ని నత్తిగనే పలకరిస్తడు. కండ్లు లేని బాలమ్మను, "ఏం అక్కా, ఇయ్యాల అద్దంల మస్తు చూసుకున్నట్టున్నవ్" అంటడు. బాలమ్మ సుత నవ్వుతది! శివయ్య ఒక్క దినం ఏమనకుండ పోతే, "నా మీద కోపం వచ్చిందేమో" అని పొద్దంత ఫికర్ పడుతది.

పెంటయ్య బర్రెను తోల్కొని రాంగనే మొదలు వెడతడు.

"వచ్చిండ్రా బర్రె మొగడు! అరే పెంటా, రాత్రి నీలమ్మ పక్కన పన్నవా, దీని పక్కన పన్నవా? వాసనైతే ఒక్కతీరే ఉన్నది."

అందరు పకపక. అందరికంటె పెద్దగ పెంటయ్య. నవ్వి, బర్రెను ఆడనే ఆపి, మొదటి ధార శివయ్య చాయ్‌ల పిండుతడు. ఉత్తగనే.

నీలమ్మకు కడుపు మండుతుండె. "వాడు మొఖం మీద ఉమ్మితే పన్నీరు అంటవేందయ్యా?"

"నీకేం తెల్వదే. గంత మందిల నన్ను చూసి నవ్వుతడు."

"నిన్ను చూసే నవ్వుతడు మరి! ఈ బర్రె మీదనే మన పొయ్యి మండేది. ఇది ఎండిపోతే వాడు బువ్వ పెడతడా?"

ఒకనాడు శివయ్య దుకాణం దోస్తులను ఎంటేసుకొని వచ్చిండు. వాళ్ళ ముంగట తన తమాషా చూపియ్యాలె గద!

"ఆ దుడ్డెను ఇటు తేరా పెంటా, జెర ముద్దు వెట్టుకుంట."

"వద్దన్నా. బర్రె చూస్తున్నది."

"శివయ్యకే లేదంటవా? సరే తియ్. రేపట్నుంచి నువ్వెవలో నేనెవలో."

పెంటయ్య బర్రె దిక్కు చూసిండు, శివయ్య దిక్కు చూసిండు. దుడ్డెను ఇచ్చిండు.

శివయ్య దాన్ని చెవులు వట్టి ఆడిచ్చిండు. గొంతు సన్నం చేసి, "అమ్మా, ఓ అమ్మా! నీ పాలన్ని శివయ్య చాయ్‌ల పోసి, ఈ పెంటగాడు నన్ను మాడ్చి సంపిండే!" అన్నడు. హోటల్ హోటలంత ఒక్కటే నవ్వుడు. ఇగ ఊకుంటడా? తోలును నెత్తికి ఎత్తుకొని, పాలు తాగే దుడ్డె లెక్క బర్రె పొదుగులకు తలతోని గుద్దిండు. కుట్లు పటుక్కున తెగినయి. గడ్డి అంత సడక్ మీద కుప్ప వడ్డది.

బర్రె వంగి ఆ ఉత్త తోలును వాసన చూసింది. బుస్సుమన్నది. గిన్నెను తన్ని ఎనుకకు జరిగింది.

పెంటయ్య కూసోని గడ్డి ఏరుకుంటుండు. తలెత్తి శివయ్యను చూసిండు. శివయ్య నవ్వుతుండు. పెంటయ్య సుత నవ్విండు.

మల్ల కుట్టిండు. బర్రె దాన్ని కొమ్ములతోని ఎగేసింది. బెల్లం పెట్టిండు, పత్తిగింజలు పెట్టిండు, వీపు నిమిరిండు, ఏడ్చిండు. ఒక్క చుక్క దిగలే. వట్టిపోయిన బర్రెను పాలోడు ఎవడు కొంటడు? కబేళకు తోలేటోడే కొన్నడు.

అది పోయిన తెల్లారి నీలమ్మ చీపురు పట్టుకొని హోటల్‌కు నడిచింది. పెంటయ్య ఎంబడి ఉరికిండు. శివయ్య సాసర్‌ల చాయ్ ఊదుకుంటుండు.

"నీ నాలుక పడిపోను! నా పొయ్యి ఆర్పితివి గదరా!" అని చీపురు లేపింది. చాయ్ తాగేటోళ్ళు పక్కకు జరిగిండ్రు.

శివయ్య సాసర్ దించిండు. "కొట్టు వదినె, నాది తప్పే. గని ఒక్కటి నిజం చెప్పు. ఆనాడు కుట్టంగ మిగిలిన గడ్డిని మీ ఆయన బుర్రల నింపినవా ఏంది?"

నీలమ్మ పండ్లు కొరికింది. మొగని దిక్కు మల్లి చూసింది. పెంటయ్య నోరు తెరుసుకొని నిలవడ్డడు. ఆమె భుజాలు కదిలినయి. కొంగు అడ్డం వెట్టుకున్నది. ఆగలే. ఫక్కున నవ్వింది! కండ్లల్ల నీళ్ళొచ్చేదాక, చీపురు చేతులకెల్లి జారేదాక నవ్వింది.

"గట్ల నవ్వాలె వదినె! కూసో, ఒక చాయ్ తాగు" అన్నడు శివయ్య. కూసున్నది.

పెంటయ్య ఒక్కడే నవ్వలే. చీపురు తీసుకొని ఇంటికి పోయిండు. బర్రె లేని కొట్టంల మిగిలిన గడ్డిని ఊడ్వవట్టిండు.

చానసేపటికి నీలమ్మ వచ్చింది. ఊడ్చుకుంటున్న మొగన్ని గడప కాడ నిలవడి చూసింది. కొంగు నోట్ల కుక్కుకున్నది. అయినా ఆగక మల్ల నవ్వింది.