ఐలవ్వ ఇంటికాడి మలుపు

హుస్నాబాద్ నుంచి కరీంనగర్ పోయే తొవ్వల, ఒక మలుపును ఆనుకోని ఐలవ్వ ఇల్లు. తొవ్వ గుంతలమయం ఉన్నన్ని దినాలు ఆ మలుపుల ఒక్కనికి గీర సుత పడలే. లారీలు సుత ఎడ్లబండ్ల లెక్క మెల్లగ కదిలేటియి. తర్వాత సర్కారుకు దయ కలిగి అద్దం లెక్క తారు పోసిన్రు. అప్పటిసంది ఐలవ్వకు చేతినిండ పని దొరికింది.

మొదటేడు ఒక గ్రానైటు లారీ ఆమె గోడ కూలగొట్టింది. కట్టిచ్చుకున్నది. రెండో ఏడు పెండ్లోల్ల కారు అదే గోడను మల్ల కూలగొట్టింది. మూడోసారి కట్టలే. వచ్చేటోల్లకు మనమెందుకు అడ్డం పడాలె అని ఇడిసిపెట్టింది. ఆఫీసర్లు వచ్చి ‘ప్రమాదకర మలుపు, నెమ్మదిగా వెళ్లండి’ అని బోర్డు నాటిపోయిన్రు. నెల తిరగకముందే ఒక ఆటో ఆ బోర్డునే గుద్దింది. అండ్ల నాట్లకు పోయే ఆడోల్లు పదకొండు మంది. డ్రైవరు సగం సీటు మీద, సగం గాలిల.

“బోర్డు సదువుకుంట వచ్చినవా బిడ్డా?” అని అడిగింది ఐలవ్వ, వాని నెత్తికి బట్ట కట్టుకుంట.

పెనిమిటి పోయినంక ఆమె బీడీలు సుట్టి ఇల్లు నడిపింది. అరుగు మీద చాట పెట్టుకోని కూసుంటే మలుపంత కనవడ్తది. కీసుమని చప్పుడయితే చాలు, చాట పక్కకు జరిపి ఉరుకుతది. ముందుగాల బండి తాళంచెవి గుంజుడు, తర్వాత 108కు ఫోను, ఆనక రక్తం కారేకాడ మెత్తటి బట్ట అదిమి పట్టుడు. ఇవన్ని ఎవ్వలు నేర్పలే, మలుపే నేర్పింది. పోలీసులు అడిగితే ఊరోల్లందరు “మేం సూడలే సారూ” అంటే, ఆమె ఒక్కతే సూసింది సూసినట్టు చెప్పేది. స్టేషన్ల ఆమెకు సాక్షి ఐలవ్వ అని పేరువడ్డది. పడ్డోల్లు మాత్రం అందరు ఒక్కటే మాట చెప్పేటోల్లు, కుక్క అడ్డమొచ్చిందని. ఊర్ల ఉన్నయి మూడు కుక్కలు. పాపం, అవి పొద్దంత ఈ మలుపులనే డ్యూటీ చేసేటియి కావచ్చు.

ఆమె కొడుకు సాయిచంద్ ఆరేండ్ల సంది మస్కట్ల కంపెనీ బండి నడుపుతుండు. ఫోన్ల అక్కడి ముచ్చట్లు చెప్పేటోడు. బెల్టు పెట్టకుంటే జరిమానా, ఫోను పడితే జరిమానా, మనిషి రోడ్డు దాటుతుంటే బండ్లన్ని ఆగుడే. ఐలవ్వ ఆ ముచ్చట వాడంత తిరిగి గొప్పగ చెప్పుకున్నది.

రెండు నెలల సెలవు మీద ఇంటికొచ్చిన మూడో దినమే సాయిచంద్ దోస్తు బైకు పట్టుకొచ్చిండు. సైలెన్సరు పీకేసిన బండి, ఊరు దద్దరిల్లుతది. హెల్మెట్ ఏదిరా అంటే జుట్టు కరాబయితది అన్నడు.

“మస్కట్ల నీకు జుట్టు లేకుండెనా?”

“ఆడ కెమెరాలుంటయే అవ్వా. గిది మన ఊరే గదా.”

“అంటే, ఆడ సచ్చుడు నేరం, ఈడ సచ్చుడు హక్కు.”

సాయిచంద్ నవ్వుకుంట పోయిండు.

ఒక ఆదివారం పొద్దుగాల మేకల బుచ్చిరాములు తన మందను మలుపు దాటిస్తుండె. డెబ్బై ఏండ్ల ముసలాయన, జర చెవుడు. సాయిచంద్ ముంగట పోతున్న ట్రాక్టరును మలుపులనే దాటబోయిండు. ఎడమ చేతుల ఫోను. చప్పుడు విని ఐలవ్వ ఉరికేసరికి ముసలాయన మోరికాలువ పక్క పడి ఉన్నడు, కాలు వంకర తిరిగింది. ఒక మేక సచ్చింది. కొడుకు మోచేయి గీసుకపోయి లేచి నిలవడ్డడు. ఆమె వాని మొకం సుత సూడలే. ముసలాయన దగ్గర కూసోని తన పనంత చేసింది.

“మేక అడ్డమొచ్చిందే అవ్వా” అన్నడు సాయిచంద్.

కుక్కకు ఆ దినం సెలవు దొరికినట్టుంది.

ఎస్సై వచ్చేలోపల ఊరి పెద్దమనుషులు ఐలవ్వ చుట్టు చేరిన్రు. “నువ్వేం సూడలేదను. పోరని వీసా పోతది” అన్నరు. ఎన్నడు లేంది ఆ దినం అందరికి చట్టం తెలిసింది. ఎస్సై అడిగేసరికి ఆమె రక్తం అంటిన బట్టను మడతవెట్టుకుంట నిలవడ్డది. పరాయోల్ల మీద ఎన్నిసార్లు గడగడ చెప్పిందో లెక్కలేదు.

“నా కొడుకే సారూ. ట్రాక్టరును దాటుతుండె. చేతుల ఫోను ఉండె.”

సాయిచంద్ నాలుగు దినాలు తల్లితోని మాట్లాడలే. కేసు తేలేదాక కదలరాదన్నరు పోలీసులు. కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేసి సెలవు పొడిగిచ్చుకున్నడు. బుచ్చిరాములు కాలుకు రాడ్డు ఏసి మూడు నెలలు మంచం దిగద్దన్నరు. ముప్పై మేకలను కాసేదెవలు? ఐలవ్వ కట్టె తెచ్చి కొడుకు చేతుల పెట్టింది.

“మస్కట్ డ్రైవరుతోని మేకలు కాపిస్తవా?” అన్నడు సాయిచంద్.

“వాటికి నీ లైసెన్సుతోని పనిలేదు. నడువు.”

బుచ్చిరాములు భార్య భూమవ్వకు నమ్మకం కుదరక మొదటి రెండు దినాలు ఎనకాలనే పోయింది. మందను దాటించేకాడ సాయిచంద్‌కు మలుపు కొత్తగ కనవడ్డది. కార్లు హారను కొట్టుకుంట మీదికే వచ్చేటియి. బైకిచ్చిన దోస్తు అదే బైకు మీద ఈలేసుకుంట పక్కనుంచి దూసుకపోయిండు. ఒక దినం గ్రానైటు లారీ గాలికి వాని భుజం మీది తువ్వాల ఎగిరి మోరిల పడ్డది. ఇంటికొచ్చి కంచం ముందట కూసున్నోడు ముద్ద కలిపి అట్లనే ఇడిసిండు.

“లారోడు నన్ను సూసిండు అవ్వా. సూసి సుత బ్రేకు కొట్టలే.”

ఐలవ్వ వాని కంచంల పప్పు ఇంకో గంటెడు ఏసింది.

లోక్ అదాలత్‌ల కేసు రాజీ అయింది. చేతికర్ర పట్టుకోని లేచిన బుచ్చిరాములు మందను ఎగాదిగా సూసి “మూడు బక్కవడ్డయి” అన్నడు. సాయిచంద్ చేతులకెల్లి కట్టె తీసుకున్నడు.

పోయే దినం విమానానికని ఊర్లనే ఒక కారు మాట్లాడుకున్నరు. హుస్నాబాద్ దాటంగనే డ్రైవరు ఒక చేత్తోని ఫోను, ఒక చేత్తోని స్టీరింగు పట్టిండు. సాయిచంద్ జర మెల్లగ పొమ్మన్నడు. రెండోసారి అడిగిండు. మూడోసారి కారు ఆపించి, పెట్టెలు దించుకోని ఎనుక వచ్చిన బస్సెక్కిండు.

మేకలు కాసి ఐలవ్వ కొడుకుకు మతి చెడ్డదని ఆ డ్రైవరు ఊరంత చెప్పిండు.