అశోక్ నగర్ నుంచి రెండో జవాబు

మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు పొద్దున ఆరూ నలభైకి ప్యాసింజర్ ఉంది. కిటికీ పక్క సీటు కావాలంటే ఆరున్నరకల్లా ప్లాట్‌ఫాం మీద ఉండాలి. నేను ఆరింటికే చేరాను. అంతకుముందు రాత్రి కునుకు పడితే కదా ఆలస్యమవడానికి!

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పదేళ్లుగా జీతం లేని ఇంకో ఉద్యోగం కూడా నెత్తిన పెట్టుకున్నాను. బీజగణితం లెక్కలు చేసిపెట్టే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దేశదేశాల్లో ఉన్న ముప్పై మందిమి కలిసి రాస్తాం, ఎవరికి కావాలన్నా ఉచితంగా ఇస్తాం. కొత్త కూర్పు విడుదలయ్యే ముందు ఒక ముసాయిదా బయట పెడతాం. ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు దాన్ని పరీక్షించి ఫలితం పంపుతారు. ఆ ఫలితాలన్నీ చూసి, ఇక వదలొచ్చు అని చెప్పే పని నాది.

వాళ్లలో ఒకడు మల్లేశ్. అశోక్ నగర్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్నానని ఒకసారి రాశాడు. ఎప్పుడూ కలవలేదు. ముసాయిదా పెట్టిన నలభై నిమిషాలకు అందరికంటే ముందు అతని ఫలితమే వచ్చేది: "అశోక్ నగర్: అన్నీ పాస్."

పోయిన ఏడాది ఎండలు తగ్గే రోజుల్లో మాత్రం వేరే కబురు పంపాడు. "మేడం, కారణాంకాల లెక్కలో ఒక్కోసారి గుర్తు మారుతున్నది. మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వస్తున్నది." నేను పదిసార్లు చేసి చూశాను. పదిసార్లూ సరైన జవాబే వచ్చింది. అప్పుడు పరీక్ష పేపర్లు దిద్దే హడావుడిలో ఉన్నాను, పైగా చిరాకు. "నా దగ్గర రాలేదు. ఇకనుంచి అందరిలాగే ఒక్కసారి నడిపి ఫలితం మాత్రం పంపండి" అని రాసి ఆ ఫిర్యాదును మూసేశాను. ఆ తర్వాత ఏడాది పొడవునా "అన్నీ పాస్" అనే వచ్చింది.

మొన్న బుధవారం, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఒక పరిశోధకురాలు మెయిల్‌లో ఉత్తరం రాసింది. వారం రోజులు నడిచిన ఆమె లెక్కలో గుర్తు మారిందట. ఎందుకో ఆమెకూ అంతుపట్టలేదు. సోమవారం విడుదల. ఆ తప్పు ఎలా వస్తుందో చెప్పగలిగినవాడు ఒక్క మల్లేశే. నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. కానీ గురువారం ముసాయిదా పెడితే, నలభై నిమిషాలకు వచ్చింది: "అశోక్ నగర్: అన్నీ పాస్."

మనిషి పలకడు, ఫలితం వస్తుంది. శనివారం సెలవు చూసుకుని బయలుదేరాను. మా ప్రాజెక్టు స్టిక్కర్లు పోస్టులో పంపినప్పుడు అతనిచ్చిన చిరునామా ఒక్కటే నా చేతిలో ఉన్న ఆధారం.

బండిలో నా ఎదురుగా తెల్లపంచె పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. జడ్చర్ల రాకముందే అడిగాడు, "ఏడిదాక బిడ్డా? ఏం పని మీద?"

"కాచిగూడ. ఒకరిని కలిసే పని."

షాద్‌నగర్‌లో పల్లీలు కొని నాకూ గుప్పెడు పెట్టి, మరిచిపోయాడో ఏమో, అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. "ఏం పని మీద పోతున్నవ్ బిడ్డా?"

"ఒక పిలగాడి మాట నమ్మలేదు. తప్పయిందని చెప్పడానికి" అన్నాను. అలా అంటానని నాకే తెలియదు. పెద్దాయన నా వంక చూసి, "మొదలు గట్ల చెప్పలేదు గదా" అని పల్లీ పొట్టు ఊదుకున్నాడు.

తొమ్మిదింబావుకు కాచిగూడలో దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలు దొరుకుతాయి. నారాయణగూడలో దిగి ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో టిఫిన్ అయిందనిపించాను. అక్కడి నుంచి మెట్రోలో చిక్కడపల్లి ఒక్క స్టాపే. నడిచినా పోవచ్చు గానీ నాకు మోకాళ్ల నొప్పి.

చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ వైపు మళ్లితే ఏ గోడ చూసినా స్టడీ హాల్, హాస్టల్, మాక్ టెస్ట్ అనే బోర్డులే. జిరాక్స్ షాపుల ముందు తాళ్లకు నోట్సులు వేలాడుతుంటాయి. పదిన్నర అయింది. రోడ్డు నిండా పిల్లలున్నారు, కానీ గొంతులు లేవు. చాయ్ బండి దగ్గర పదిహేను మంది చేతిలో కాగితం పట్టుకుని పెదవులు మాత్రం కదుపుతూ నిలబడ్డారు. గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినిపిస్తోంది.

నా దగ్గరున్న చిరునామా ఒక మేడ మూడో అంతస్తులో ఉన్న స్టడీ హాల్‌ది. లిఫ్ట్ లేదు. తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నతను పేరు శ్రీనివాస్ అని చెప్పాడు. హాల్ చూసుకునేది అతనే.

"మల్లేశా?" అన్నాడు రిజిస్టర్‌లోంచి తలెత్తకుండా. "ఊరికి పోయిండు మేడం. పోయినేడే ఖాళీ చేసిండు."

"మొన్న గురువారం కూడా ఇక్కడి నుంచి నాకు కబురు పంపాడే!"

అతని చేతిలో పెన్ను ఆగింది. లోపలికి వెళ్లి చూసుకోండన్నట్టు తలుపు తీశాడు.

వంద మందికి తక్కువ లేరు. చెక్క అరల్లో తలలు వంచి కూర్చున్నారు. ఫ్యాన్ల గాలికి వంద పుస్తకాల్లో పేజీలు ఒకేసారి లేచి ఒకేసారి పడుతున్నాయి. నేను నడిచినంత మేరా ఎవరూ కళ్లెత్తలేదు. సీట్ల కోసం మెట్ల మీద నలుగురు కాచుకుని ఉండటం వస్తూ చూశాను. అయినా గోడ పక్కన నలభై ఒకటో నంబరు ఖాళీ. దాని లైటు మాత్రం వెలుగుతోంది. నడిచి నడిచి కాళ్లు పీకుతుంటే అందులో కూర్చోబోయాను.

పక్క సీటు అమ్మాయి నా చేయి పట్టుకుంది. కోస్గి దగ్గరి పిల్లనని, పేరు అనూష అని తర్వాత చెప్పింది. "అక్కా, ఆడ కూసోకుండ్రి" అంది గుసగుసగా.

"ఎందుకమ్మా?"

"ఆ సీట్ల చదివితే మొదటిసారి మంచిగనే ఎక్కుతదక్కా. రివిజన్ చేస్తే వేరే తీరు యాదికొస్తది. మల్లేశన్న ఊరికి పోయినంక ముగ్గురు కూసున్నరు, ముగ్గురికీ గట్లనే అయింది."

నేను లెక్కలు చెప్పేదాన్ని, ఇలాంటివి నమ్మను. కానీ కూర్చోలేదు కూడా. నిలబడే చుట్టూ చూశాను. లాకర్ల పైన, వైఫై పెట్టె పక్కన, దుమ్ము కొట్టుకుపోయిన ఒక పాత లాప్‌టాప్ ఉంది. మూత మీద మా ప్రాజెక్టు స్టిక్కర్. నేనే కవరులో పెట్టి పంపింది. దాని కింద టేపుతో అతికించిన కాగితం: "ఆపొద్దు." ఫ్యాను సన్నగా తిరుగుతోంది.

బయటికొచ్చి శ్రీనివాస్‌ను రెండోసారి అడిగాను. "అన్నా, మల్లేశ్ ఎక్కడున్నాడు?"

ఈసారి అతను లేచి తలుపు మూసి, ఎవరూ లేని డాబా మెట్ల మీదికి తీసుకెళ్లాడు.

"పాణం పోయింది మేడం. డెంగీ. బోనాల టైముల. దవాఖానకు నేనే తీస్కపోయిన, నాలుగు దినాలల్ల అయిపోయింది. ఈడి పిలగాళ్లకు చెప్పలే. పరేషాన్ అయితరు, చదువు సాగది." లాకర్ల మీది లాప్‌టాప్ గురించి అడిగితే, "అది ఆయనదని నాకు తెల్వది మేడం. సీసీ కెమెరాదేమో అనుకున్న" అన్నాడు.

నేను ఆ ఫిర్యాదు మూసేసిన మూడు వారాలకు పోయాడన్నమాట. ఏడాదిగా నేను ధన్యవాదాలు చెబుతూ వచ్చింది లేని మనిషికి. సిగ్గనిపించింది. దుఃఖం తర్వాత వచ్చింది.

శ్రీనివాస్ ఆ యంత్రాన్ని దించి, పొడుగాటి తీగ ఊడకుండా జాగ్రత్తగా తలుపు బయట తన బల్ల మీద పెట్టాడు. మూత తెరిస్తే పాస్‌వర్డ్ అడగలేదు. లోపల మల్లేశ్ రాసుకున్న చిన్న ఆదేశాల పట్టీ ఉంది. ముసాయిదా వస్తే దించుకో, పరీక్షలు ఒకసారి నడుపు, ఆ ఫలితం పంపు. ఇక్కడిదాకా నేను ఊహించిందే. ఆ కింద ఇంకోటి ఉంది: మూసేయకుండా అదే లెక్కను మళ్లీ అడుగు, ఆ జవాబును ఫైల్లో రాసిపెట్టు.

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. మా సాఫ్ట్‌వేర్ ఒకసారి చేసిన లెక్కను గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ అడిగితే చేయకుండా, గుర్తున్నదే చెబుతుంది. ఆ గుర్తుపెట్టుకున్న చోటే మైనస్ ప్లస్ అవుతోంది. నేను పదిసార్లు చేసిన మాట నిజమే గానీ, ప్రతిసారీ అంతా మూసేసి కొత్తగా మొదలుపెట్టాను. అంటే పదిసార్లూ మొదటిసారే అడిగాను.

ఆ ఫైల్లో పద్నాలుగు ముసాయిదాలున్నాయి. ప్రతిదాని ఎదురుగా రెండు గళ్లు. మొదటిసారి: పాస్. రెండోసారి: ఫెయిల్. అన్నిటికీ పైన అతను చేత్తో టైపు చేసుకున్న మూడు చిన్న వాక్యాలున్నాయి.

"మేడం ఒక్కసారి చాలన్నరు. రెండోసారిది ఈడ రాసిపెడుతున్న. ఎప్పుడన్న అడిగితే ఇద్దాం."

శ్రీనివాస్ చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చాను.

కళ్లు తుడుచుకుని ఆ లెక్కను నా చేతులతోనే చేసి చూశాను. మొదటిసారి మైనస్. మళ్లీ అడిగాను. ప్లస్. ఏమీ మారని ఆ తెర మీద ఆ ఒక్క గీత నిలువు గీతను కలుపుకుని ప్లస్ అయి కూర్చోవడం చూసి, పట్టపగలే కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

మల్లేశ్ అక్క మక్తల్‌లో కుట్టుపని చేస్తుందట. శ్రీనివాస్ దగ్గర నంబరుంటే ఫోన్ చేసి, నేనెవరో చెప్పి, తమ్ముడి కంప్యూటర్ ఇక్కడే ఉందని చెప్పాను.

"నడుస్తున్నదా మేడం?" అంది.

"నడుస్తోందమ్మా."

వెనక కుట్టుమిషన్ ఆపిన చప్పుడైంది. మళ్లీ అడిగింది. "ఇంకా నడుస్తున్నదా?"

"ఇంకా నడుస్తోంది."

వచ్చే ఆదివారం మహబూబ్‌నగర్ వచ్చి తీసుకుంటాను, అందాక మీ దగ్గరే ఉంచుకోండి అంది. ఫైలు నేను వెంట తెచ్చుకున్న కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని లాప్‌టాప్ తీగ పీకాను. బ్యాటరీ ఎప్పుడో పోయినట్టుంది, పీకిన మరుక్షణమే తెర నల్లబడి ఫ్యాను ఆగింది. అప్పుడు వంద మందీ ఒక్కసారి తలెత్తారు. తలుపు అద్దంలోంచి చూశాను, నా భ్రమ కాదు. ఒక నిమిషం చూసి మళ్లీ తలలు వంచుకున్నారు.

"తీస్కపోండి మేడం జల్ది" అన్నాడు శ్రీనివాస్.

ఒంటిగంటకు కింది మెస్‌లో పప్పు, పచ్చిపులుసుతో భోజనం. ఇంటి వంటలాగే ఉంటుంది, వెళ్లినవాళ్లు తినొచ్చు. నేను మాత్రం సగంలోనే లేచాను. ఆటోలో నేరుగా కాచిగూడ వచ్చి మూడూ ఇరవై బండెక్కాను. లాప్‌టాప్‌ను తీగ చుట్టి సంచిలో పెట్టి, సంచిని కాళ్ల మధ్య పెట్టుకున్నాను.

ఫలక్‌నుమా దగ్గర నా కంప్యూటర్ తెరిచి మూడు పనులు చేశాను. సోమవారం విడుదల ఆపేశానని అందరికీ రాశాను. ఏడాది కింద మూసేసిన మల్లేశ్ ఫిర్యాదును మళ్లీ తెరిచాను. అతని లెక్కను, రెండోసారి అడగడంతో సహా, పరీక్షల జాబితాలో చేర్చి కొత్త ముసాయిదా పెట్టాను. తప్పు ఇంకా దిద్దలేదు కాబట్టి ఆ పరీక్ష అందరి దగ్గరా తప్పాలి. సముద్రాల అవతల వాళ్లు లేచి నడపడానికి ఇంకా టైముంది. అప్పుడు టైము మూడూ నలభై ఐదు.

షాద్‌నగర్ వచ్చేసరికి ఎండ వాలింది. నాలుగూ ఇరవై ఐదుకు ఫోన్ మోగింది.

"అశోక్ నగర్: ఒకటి ఫెయిల్. రెండోసారి అడిగితే."

సంచి విప్పాను. తీగ చుట్టినట్టే ఉంది. లాప్‌టాప్ చల్లగా ఉంది. మూత తెరిచి మీట నొక్కాను, తెర నల్లగానే ఉంది. ఎదురు సీటావిడ "ఏమైందక్కా, గట్లున్నరు?" అని నీళ్ల బాటిల్ అందించింది. తాగాను. ఎలా వచ్చి ఉంటుందో నాలుగైదు రకాలుగా ఆలోచించాను. ఏ దారీ చివరిదాకా పోలేదు.

ఫోన్‌లో ఆ కబురు మూసేసి రెండోసారి తెరిచాను. ఆ రోజు నన్ను పెద్దాయన అడిగినా, శ్రీనివాస్‌ను నేను అడిగినా, తెర మీద లెక్కను అడిగినా, రెండోసారికి జవాబు మారింది. ఇది మారలేదు. అదే ఉంది.

బండి బాలానగర్‌లో ఆగి కదిలింది. ఏడాది కింద నేను రాయాల్సిన మాటను ఆ కబురు కింద రాసి పంపాను.

"నా దగ్గర కూడా వచ్చింది, మల్లేశ్."