ఎదిగే పిల్లకు తెరచాప

మా ఇంట్లో ఏ వస్తువూ నా కొలతకు కొన్నది కాదు. చెప్పులు కొంటే ముందు భాగంలో దూది కుక్కుకొని నడవాలి. స్కూలు లంగా కుట్టిస్తే లోపల రెండు మడతలు పెట్టి కుట్టించేవారు. ఏడాదికొక మడత విప్పినప్పుడల్లా ఎండ తగలని బట్ట ముదురు చారలా కిందికి దిగేది, నా వయసు చూపించడానికి అన్నట్టు. సైకిల్ కొన్నప్పుడు కాళ్ళు అందకపోతే నాయిన పెడళ్ళకు కర్రముక్కలు కట్టించాడు. రాయచూరులో మా వాడలో ఇది మా ఒక్కరి పిచ్చి కాదు, అందరి ఇళ్ళల్లోనూ ఇదే పద్ధతి. "ఎదిగే పిల్ల, జర పెద్దదే తీస్కో" అన్న మాట నేను నా పేరు కంటే ఎక్కువసార్లు విని ఉంటాను. కాబట్టి పదిహేనేళ్ళప్పుడు నాకొక పడవ తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో ముందే ఊహించి ఉండాల్సింది.

రాయచూరు పిల్లకు పడవేమిటని అప్పట్లో అందరూ అడిగారు, అడిగి నవ్వారు కూడా. వేసవి సెలవుల్లో హైదరాబాదులో చిన్నమ్మ ఇంటికి వెళ్తే, నా అల్లరి పడలేక ఆమె నన్ను తీసుకెళ్ళి పెద్ద చెరువు ఒడ్డున తెరచాప పడవలు నేర్పే చోట పడేసింది. మూడు పూటలకే నాకు అది తలకెక్కింది. ఇంజను లేదు, తెడ్డు లేదు; గాలిని పట్టుకుని నీటి మీద పరుగెత్తడమే. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు శుక్రవారం సాయంత్రం రైలెక్కడం, ఆదివారం రాత్రికి ఇల్లు చేరడం నా బతుకైపోయింది. మా ఊరు కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉంది. పేరుకు రెండు నదులు, నేను పడవ వేయడానికి మాత్రం ఒక్కటీ పనికిరాదు. ఒకదాంట్లో బండలు, మొసళ్ళు; ఇంకోదాంట్లో ఎండాకాలం వస్తే ఇసుక. వారమంతా ఆ రెండింటి నడుమ ఫ్యాను కింద కూర్చుని శుక్రవారం కోసం చూసేదాన్ని.

చిన్నపిల్లలకు ఇచ్చే డబ్బాలాంటి పడవను పదిహేనేళ్ళు దాటాక నడపనివ్వరు. ఇక పెద్దవాళ్ళ పడవ చూసుకోవాలి. ఇద్దరు నడిపే పడవలున్నాయి గానీ, వారం వారం నాతో రైలెక్కి సాధనకు రావడానికి రాయచూరులో నాలాంటి ఇంకో పిచ్చిదాన్ని ఎక్కడ వెతకను? ఒంటరిగా నడిపేదే కావాలి, అదీ వేగంగా పోయేదే కావాలి. నౌకాదళంలో చేసి వచ్చిన మా కోచ్ సార్ ఒక పడవ చూపించాడు. సన్నటి తెల్లటి పడవ, ఎవరో వాడినదే, గీతలు పడి ఉంది గానీ గట్టిది. దానిలోని సుళువు ఏమిటంటే పడవ ఒకటే, తెరచాపలు మూడు కొలతలవి. నడిపేవాళ్ళ బరువును బట్టి చిన్నదో నడిమిదో పెద్దదో ఎక్కిస్తారు. తెరచాపతోపాటు దాన్ని నిలబెట్టే స్తంభం కింది ముక్క మారుస్తారు, అంతే. గాలి పడవను ఒక పక్కకు వాల్చేస్తుంటే మనం రెండో పక్క అంచు మీద నుంచి ఒళ్ళంతా బయటికి వేలాడేసి, మన బరువుతో దాన్ని నిలబెట్టాలి. బరువు చాలకపోతే పడవ మన మాట వినదు.

నా బక్క ఒళ్ళు చూసి సార్ చిన్న తెరచాప అన్నాడు. నాయినకు ఆ మాట రుచించలేదు. ఆయనకు ధాన్యం బజారు గంజ్‌లో వడ్ల దుకాణం, బేరం ఆడకుండా ఏదీ తీసుకోడు. "పెద్దదే ఇయ్యండి సార్. ఎదిగే పోరి, రెండేండ్లల్ల బరాబర్ అయితది" అన్నాడు. సార్ తల పట్టుకున్నాడు. చాలాసేపు వాదించుకుని, కూరగాయల బజారులో లాగా ఇద్దరూ నడిమిదాని దగ్గర తెగ్గొట్టారు. అది పూర్తిగా ఎదిగిన ఆడవాళ్ళు నడిపేది. ఒంటికి తొడుక్కునే ప్రాణరక్షణ జాకెట్ కూడా నాయిన అదే రోజు తీసుకున్నాడు, అదీ రెండు సైజులు పెద్దది. దానిలో నేను అత్త చీర చుట్టుకున్న పిల్లలా ఉన్నాను. ఇంటికొచ్చాక నాయిన ఇంకో మాట కూడా అన్నాడు. ఆ యేడు పోటీల జట్టుకు జరిగే ఎంపికలో నా పేరు రావాలి. రాకుంటే పడవ బంద్, ఇక పీయూసీలో, అంటే మా దగ్గరి ఇంటర్‌లో, సైన్సు చదువుకుంటూ ఇంట్లో కూర్చోవాలి.

అబద్ధమెందుకు, మొదటి రోజు నాకూ ఆ తెరచాప నచ్చింది. గాలి మెల్లగా ఉంది, పడవ జారిపోయింది, నేనే రాణిని అనుకున్నాను. రెండో వారం అసలు గాలి వచ్చింది. పడవ నన్ను లెక్కచేయలేదు. ఒళ్ళు ఎంత వేలాడేసినా లేవదు, తెరచాప తాడు వదిలితే ఆగిపోతుంది, బిగిస్తే బోర్లాపడుతుంది. రోజంతా బోర్లాపడిన పడవ మీదికి ఎక్కి దాన్ని నిలబెట్టడమే నా సాధన. నాకంటే తర్వాత నేర్చుకున్న పిల్లలు చిన్న తెరచాపలతో నన్ను దాటిపోయేవారు. కోపంతో పళ్ళు నూరుకునేదాన్ని.

విషయం తెలిసి మా వాళ్ళేం చేశారు? తెరచాప మార్చలేదు, నన్ను మార్చబోయారు. మా అవ్వ నా పళ్ళెం తన చేతిలోకి తీసుకుంది. జొన్నరొట్టె మీద నెయ్యి, నెయ్యి మీద పల్లీల శేంగ చట్నీ, పైన ఇంకో రొట్టె. ఒళ్ళు చేయాలట. పక్కింటివాళ్ళు నన్ను చూసి ఏం పెడుతున్నారని అడుగుతుంటే అవ్వ గర్వంగా చెప్పేది. నాయిన అయితే వారం వారం నన్ను గంజ్‌కు తీసుకెళ్ళి వడ్ల సంచులు తూచే కాంటా మీద నిలబెట్టేవాడు. హమాలీలు సంచులు దింపి నాకోసం దారి ఇచ్చేవారు. అందరి ముందూ ఆ ఇనుప పలక మీద చెప్పులు విడిచి నిలబడితే, సిగ్గుతో అందులోకి కుంగిపోయినా బరువు పెరిగేదేమో. ఒకసారి బిందె దగ్గర నిలబడి కడుపు పగిలేంత నీళ్ళు తాగి వెళ్ళాను. నాయిన ముఖం విప్పారింది. మరుసటి వారానికి మళ్ళీ ముడుచుకుంది. తిన్నది ఎటు పోతోందని అవ్వ దిష్టి తీసింది. ఆ రోజుల్లో నాకు ఊపిరాడేది కాదు. ఇంట్లో పళ్ళెం, దుకాణంలో కాంటా, నీళ్ళ మీద తెరచాప, మూడూ కలిసి నన్ను ఇంకెవరిగానో మారమని పట్టుబట్టాయి. ఆ ఇంకెవరో ఎప్పుడొస్తుందో నాకు తెలియదు.

ఎంపికకు ముందు నాయిన నా సాధన చూస్తానని హైదరాబాదు వచ్చాడు. వాన ముందరి గాలి, ఉన్నట్టుండి విసిరి కొట్టింది. పడవ బోర్లాపడింది, నేను తెరచాప కింద ఇరుక్కున్నాను. అలాంటప్పుడు ఏం చేయాలో నేర్పారు. చేత్తో గుడ్డను పైకి ఎత్తితే గాలికి చోటు దొరుకుతుంది, కుట్టు వెంబడి తడుముకుంటూ పోతే అంచు తగులుతుంది. కానీ నేను మునిగిన వెంటనే జాకెట్ నా భుజాలు దాటి పైకి లేచి ముఖానికి అడ్డం వచ్చింది. అది నన్ను తేల్చాలనే చూస్తోంది, తేల్చి తడిసిన తెరచాపకు అదిమిపెడుతోంది. చేతులు జాకెట్‌లోనే చిక్కుకున్నాయి. అవ్వ పెట్టిన నెయ్యి కాదు గానీ భయం నిజంగా బరువుంటుందని అప్పుడు తెలిసింది. ఎలాగో ఒక చెయ్యి బయటికి వచ్చింది, కుట్టు దొరికింది, తల పైకి వచ్చింది. సార్ మోటారు పడవ అప్పటికే పక్కనుంది. ఆయన జాకెట్ భుజం పట్టి పైకి గుంజితే నా చెవుల దాకా వచ్చింది. అది చూసి ఆయన నన్ను తిట్టలేదు, ఒడ్డు వైపు చూశాడు. నాయిన మోకాళ్ళ లోతు నీళ్ళలో ప్యాంటుతో నిలబడి ఉన్నాడు. ఆయనకు ఈత రాదు.

ఆదివారం రాత్రి రైలు దిగి ఇల్లు చేరాం. ఇంట్లో అమ్మ నా గడ్డం కింద గీరుకుపోయిన చోటు చూసి అడిగితే అంతా చెప్పేశాను. నాయిన అన్నం కలుపుతూ, ఇంకొక్క యేడాది ఆగితే సర్దుకుంటుందని, కొంచెం ఒళ్ళొస్తే చాలని మొదలుపెట్టాడు. మా అమ్మ మామూలుగా ఆయన భోజనం మధ్యలో మాట్లాడదు. ఆ రోజు మాట్లాడింది.

"గాజులోడు దాని చెయ్యి పిసికి ఉన్న సైజే తొడుగుతడు. ఎదిగే చెయ్యని పెద్దయి తొడిగితే నువ్వు ఊకుంటవా? జారి పడ్తయి అంటవు. అన్ని పెద్దయి తెచ్చినా గాజులు మటుకు దాని సైజువే తెస్తిమి గద."

నాయిన తలెత్తకుండానే, గాజులు ఏడాదికోసారి మారుస్తామని, తెరచాపను అలా మార్చగలమా అని అడిగాడు.

"బోర్లపడితే పడవకేం గాదు. అయితే పోరికే అయితది" అంది అమ్మ.

నేను అమ్మ పక్కన నిలబడి ఉన్నాను. మా భుజాలు సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నాయి. ఏడాదిగా అలాగే ఉన్నాయి. లంగా మడత విప్పి కూడా ఏడాది దాటింది, ఇంట్లో ఎవరూ గమనించలేదు, గమనించినా అనలేదు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అనేశాను.

"నాయినా, నేను ఇంక ఎదగ. ఇంతే."

అవ్వ చప్పున నా నోటి మీద చెయ్యి పెట్టింది, ఆడపిల్ల అలా అనకూడదట. నాయిన చెయ్యి కడుక్కుని దుకాణానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్ని రోజులు ఇంట్లో పడవ మాటే లేదు. కాంటా దగ్గరికి కూడా పిలవలేదు. నేను దాన్ని విడుదల అనుకోలేదు. పడవ అమ్మేస్తాడనుకున్నాను. నోరు మూసుకుని ఉంటే కనీసం పడవైనా మిగిలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. శుక్రవారం వస్తే సంచి సర్దుకోవాలో లేదో అడగడానికి కూడా భయమేసింది.

శుక్రవారం నాయినే సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మరునాడు చెరువు ఒడ్డున పడవ దగ్గరికి వెళ్ళగానే నన్ను పడవను తుడవమని పంపి, ఆయన సార్ దగ్గరికి నడిచాడు. దూరమేమీ లేదు, అన్నీ వినిపించాయి.

"మా పోరి ఇంతే సార్. దీనికి సరిపడేది ఇయ్యండి."

నెలల తరబడి ఈ మాట కోసమే ఎదురుచూశాను. తీరా అన్నాక నాకు ఏడుపొచ్చింది. నాయిన గొంతులో ఓడిపోయిన బేరం ఉంది. ఆయన అన్నేళ్ళూ చెప్పులు, లంగాలు, సైకిలు కొన్నది రాబోయే ఒక పెద్ద పిల్ల కోసం. ఆ పిల్ల ఇక రాదని ఆ రోజు ఒప్పుకున్నాడు. ఉన్న పిల్ల పడవ తుడుస్తూ ముక్కు చీదుకుంటోంది.

చిన్న తెరచాపతో సాధనకు నాకు ఎన్నో వారాలు మిగల్లేదు. ఎంపిక రోజు గాలి గట్టిగానే ఉంది. ఒళ్ళు బయటికి వేలాడేశాను, పడవ లేచి నిలబడింది, నిలబడి పరుగెత్తింది. తెరచాప చిన్నదే గానీ, అంత వేగంగా నేనెప్పుడూ పోలేదు. తీసుకున్నవాళ్ళలో నా పేరు చివరిది. చివరిదే గానీ ఉంది.

ఒడ్డుకు వచ్చాక నాయిన వంగి, తెరచాపతోపాటు నా కొలతకు తెచ్చిన కొత్త జాకెట్ నడుం పట్టీలోకి రెండు వేళ్ళు దూర్చి చూశాడు. అవి దూరలేదు. మరీ బిగుతుగా పట్టేసిందా అని అడిగాడు.

"లేదు నాయినా. సరిపోయింది" అన్నాను. ఆయన తెచ్చిన దేని గురించైనా నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.