స్కానింగ్‌కి ముందు పసుపుకొమ్ము

నడుము నొప్పితో మా అత్తయ్య కాళ్లు తిమ్మిరెక్కుతుంటే, మిరపకోతలు ఆపుకుని గుంటూరులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. స్కానింగ్ తీస్తే గానీ వైద్యం మొదలుపెట్టలేమన్నారు డాక్టరుగారు. అక్కడ నర్సింగు నేర్చుకుంటున్న ఆడపిల్లల్లోంచి ఒకమ్మాయి వచ్చి, "మామ్మగారూ, లోపలికి బంగారం పనికిరాదండి. ఆ పుస్తెలు తీసేయండి" అంది.

అత్తయ్య రెండు చేతులతో మెడ పట్టుకుంది. "ఆయన బతికుండగా నేనెందుకు తీస్తానే? నడుం పోతే పోయింది. పద కోడలా, ఇంటికెళదాం" అని లేచింది. ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

వాళ్లకి పాఠాలు చెప్పే టీచరమ్మ వచ్చి అత్తయ్య పక్కన కూర్చుంది. "పుస్తెలతాడు అరిగి మార్చాల్సొస్తే ఏం చేస్తారమ్మా మీరు?"

"ముందు పసుపుకొమ్ము కట్టించుకుని, అప్పుడు తీస్తాం."

"విన్నారా? తీయమనే ముందు ఇది అడగాలి" అంది టీచరమ్మ చుట్టూ చేరిన ఆ నర్సింగు పిల్లలతో.

నేను ఎదురుకొట్టుకి పోయి పసుపుకొమ్ము, దారం, కాస్త పసుపు తెచ్చాను. ఆ అమ్మాయే దారానికి పసుపు రాసింది. వరండాలో ఉన్న మామయ్యని పిలిస్తే, అంతమంది ఆడపిల్లల మధ్య ఆయనకి ముడి పడలేదు.

"పెళ్లినాడూ ఇంతే, చేతులొణికాయి" అంది అత్తయ్య.

"ఆనాడు నువ్వు కదలకుండా కూర్చున్నావులే" అన్నాడాయన.

మూడు ముళ్లూ పడ్డాక అత్తయ్య పుస్తెలు తనే తీసి, నాకు కాదు, ఆ అమ్మాయి చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. స్కానింగ్ అయ్యి బయటికొచ్చేదాకా ఆ పిల్ల గుప్పిట విప్పలేదు.