చిన్నమ్మ వచ్చిందా?

అరవైల్లో తెనాలిలో మా వీధికి వచ్చే నర్సమ్మ తట్టును పేరుపెట్టి పిలిచేది కాదు. భయభక్తులతో "చిన్నమ్మ" అనేది. కడుపుతో ఉన్న కొత్తలో ఒక రకం తట్టు వస్తే బిడ్డ గుండె చెడుతుందని ఆవిడకు ట్రైనింగులో చెప్పారట. నేను కడుపులో ఉండగా మా అమ్మనూ అడిగింది.

"మూడో నెల్లో చిన్నమ్మ వచ్చిందా అమ్మాయ్?"

"వచ్చిందండి. వారం ఉండి వెళ్లింది."

అంతే, నేను పుట్టింది మొదలు ప్రతి శుక్రవారం నా గుండె ఆవిడ సొంతం. గుండె చప్పుడు వినే గొట్టాన్ని కొంగుతో తుడిచి, నోటితో ఊది వెచ్చచేసి, నా ఛాతీ మీద పెట్టి కళ్లు మూసుకునేది. తొక్కుడుబిళ్ల ఆడనిచ్చేది కాదు.

నా ఆరో ఏట ఒక శుక్రవారం రేపల్లె నుంచి అమ్మ వాళ్ల పిన్ని దిగింది.

"మా చిన్నమ్మండి. ఇది కడుపులో ఉన్నప్పుడు వచ్చి వారం ఉందని చెప్పానే, ఈవిడే" అంది అమ్మ.

నర్సమ్మ ఆ భారీ మనిషిని కిందినుంచి పైదాకా చూసింది. గొట్టం సంచిలో పెట్టేసి, నావైపు తిరిగి, "పోయి ఆడుకోవే" అంది.

మళ్లీ శుక్రవారానికి గొట్టం ఊదుకుంటూ తయారైంది.

"ఇంకా ఏంటండి?" అంది అమ్మ.

"చిన్నమ్మ ఇంకా ఇంట్లోనే ఉందిగా. ఎందుకైనా మంచిది."